మెట్టనేలలో పుస్తకప్రియుడు

పుస్తకములను ప్రేమించువారు ప్రకృతినిగూడ ప్రేమింతుమని చెప్పుకొనుట లోకమున నలవాటు. ఆ మాట అబద్ధము కాదు. కాని యా ప్రకృతి యెక్కడిదని యడిగినచో చిక్కు వచ్చును. సంస్కృతము చదివినవాని ప్రకృతి కాళిదాసుది. అందు తామరకొలకులు, హంసలు, దేవదారువులు నుండును. ఇంగ్లీషు చదివినవాని ప్రకృతి వర్డ్స్‌వర్తుది. అందు సరస్సులు, వాని యొడ్డున డాఫడిల్ పువ్వులు నుండును. మేము రెండు భాషలును చదివి, రెంటిని పిల్లలకు చెప్పి, యిరువదియేండ్లుగా దినము గడుపుకొనుచున్న బడిపంతులము. తామరయు డాఫడిలును మాకు కంఠోపాఠములు. మా గుమ్మము ముందరి నేల మాత్రము నల్లరేగడి. దానిపై తామర మొలవదు; డాఫడిల్ మాట చెప్పనే యక్కరలేదు. తుమ్మ మొలచును, తంగేడు మొలచును. పత్తియు జొన్నయు కొఱ్ఱయు పండును, వాన వచ్చినయేట.

మాది కర్నూలు జిల్లాకు పడమటికొస. కాపురము ఆదోనిలో; బంధువర్గము సగము ఎమ్మిగనూరిలో. రెండూళ్లకును నడుమ ముప్పది కిలోమీటర్ల దారి. పెద్దలు ఆదవాని యని పిలిచిన మా యూరు 1953 వరకు బళ్లారి జిల్లాలో నుండెను. ఆంధ్రరాష్ట్ర మేర్పడిననాడు కర్నూలునకు వచ్చినది. జిల్లా మారెను గాని నాలుక మారలేదు. నైరృతివానను మావారు నేటికిని కన్నడపు పోలికగా ముంగారు అనియే యందురు. ఆ ముంగారు పడమటి కనుమలమీద తన మూటను చాలవరకు విప్పివైచి, మాయొద్దకు వచ్చునప్పటికి వట్టిచేతుల చుట్టమై వచ్చును. వచ్చినందుకే సంతోషించుట మాకు వాడుక.

ఈ నేలను వర్ణించిన కావ్యము మాకింతవరకు దొరకలేదు గనుక రెండుమాటలు మేమే చెప్పెదము. వేసవిలో రేగడి నెఱ్ఱెలు విచ్చును. బాలుని చేయి మోచేతివరకు దూరునంత నెఱ్ఱెలు. ఎండుటాకు, కసవు, గాలికెగిరిన పైమన్ను వానిలో పడును. తొలివాన తగులగానే నేల యుబ్బి నోరు మూసికొనును. అనగా నీ నేల యేటేట తన్నుదాను కొంత దున్నుకొని, తన యెరువును తానే మ్రింగును. పిమ్మట గొఱ్ఱు కదలును; జడ్డిగములో గింజ జారుచుండ నిల్లాలు వెనుక నడచును. పత్తి పూతకు వచ్చిననాడు చేని గట్టున నిలిచి చూడవలెను. తెల్లవాఱి వెన్నవన్నెతో విచ్చిన పువ్వు మఱునాటికి గులాబివన్నెకు తిరుగును. ఒకే కొమ్మమీద నిన్నటిదియు నేటిదియు పక్కపక్కనే యుండును. ఇంత చిత్రమైన సంగతిని మేము డిగ్రీ పుచ్చుకొన్న తరువాతగాని చూడలేదు. ఏలయన, పరీక్షలో అడుగలేదు.

ఒకయేడు జూన్ నెలలో తరగతిలో చాతకమును గూర్చి చెప్పుచుంటిమి. మేఘదూతములో దాని ప్రసక్తి యున్నదనియు, అది వానచినుకును దప్ప వేఱునీరు ముట్టదని కవులు చెప్పుదురనియు చెప్పితిమి. వెనుకబల్లనుండి యొక బాలుడు లేచి, “అదేనా సార్, తలమీద కుచ్చుండేది, నలుపూ తెలుపూ పిట్ట? మా చేనిగట్టు తుమ్మచెట్టు మీద నిన్న కూసింది” అనెను. మఱునాడు వానివెంట పోయి చూచితిమి. నిజమే. తలపై జుట్టు, నల్లని వీపు, తెల్లని కడుపు, గంట మ్రోగినట్టి కూత. ఆఫ్రికాఖండమునుండి సముద్రము దాటి, వానగాలి వెంబడి వచ్చు పిట్ట యది. వచ్చి పరుల గూళ్లలో గ్రుడ్లుపెట్టి, బిడ్డలను పెంచు భారము వారికే వదలి పోవును. ఈ తుదిసంగతి చాతకవ్రతమును పొగడిన శ్లోకములలో మాకెన్నడును కనబడలేదు. ఆ బాలుని తాత, పిట్ట కూసినదనిన విత్తనము సిద్ధము చేసికొనునట. మా యిరువురిలో చాతకమును చదివినవారెవరో చదువరులే చెప్పవలెను.

మెట్టసేద్యము చేయువారిని గమనించినకొలది వారి పొదుపు మమ్ము విస్మయపఱచుచు వచ్చినది. పత్తిలో దూది జిన్నింగు మిల్లునకు పోవును, గింజ నూనెగానుగకు పోవును, తెలికపిండి పశువునకు, తుది యేరువేత కాగానే ఆకు మేకలకు, ఎండిన కట్టె పొయ్యిలోనికి. జొన్నలో గింజ మనుష్యునికి, చొప్ప యెద్దునకు. కొఱ్ఱ సాళ్లనడుమ కందిసాలు వేయుదురు. కొఱ్ఱ మూడునెలలలో నింటికి వచ్చును. కంది వేరు లోతునకు దింపి, పైతేమ యారిపోయినను పుష్యమాసమువరకు నిలిచియుండును. వాన యొకదానిని చెఱచినను మఱియొకటి దక్కును. ఇది శాస్త్రము చదివి నేర్చినది కాదు. 1876 మొదలు 1878 వరకు నడచిన ధాత కరవు నాటి బళ్లారి జిల్లాను తుడిచిపెట్టినంత పని చేసెను. అట్టి కరవులను దాటి బ్రదికినవారి మనుమలు దేనినైనను ఒక్కమారు వాడి పాఱవేయుటకు చేతులు రానివారగుటలో వింత యేమున్నది?

అయినను పొదుపొక్కటియే కడుపు నింపదు. వాన తప్పినయేడు, ఒక్కొక్కమారు తప్పకున్నను, దీపావళి దాటగానే మా పడమటి మండలముల తరగతిగదులు పలుచబడును. కోసిగి, కౌతాళము మొదలగు చోట్లనుండి కుటుంబములకు కుటుంబములే గుంటూరు మిరపచేలకును బెంగుళూరు కట్టడపు పనులకును తరలిపోవును. ఇంట వంటగిన్నెలతోపాటు బిడ్డలును పోవుదురు. హాజరుపట్టీలో మేము వేయు సున్నలు ఉగాదివరకును సాగును. ఈ సంగతి మరల రావలసియున్నది గనుక ఇప్పటికింతతో విడిచెదము.

ఇట్టి నేలమీద మేము రెండువేల పుస్తకములను పోగుచేసియుంటిమి. గోడకు నాలుగు బీరువాలు, మంచముక్రింద పెట్టెలు, అటకమీద పాతపత్రికల కట్టలు. పుస్తకము నిర్దోషమైన వస్తువని లోకమున కొక నమ్మకము కలదు. బంగారము కొన్నవానిని లోభి యందురు. పుస్తకములు కొన్నవానిని రసికుడందురు. కాని పుస్తకమును నేలనుండియే వచ్చినది. నెదర్లాండ్సు దేశపు పరిశోధకులు లెక్కగట్టినదానినిబట్టి, మనము వ్రాసికొను ఒక్క తెల్లకాగితము వెనుక, చెట్టు పెరుగుటకును మిల్లు నడచుటకును గలిపి 2 మొదలు 13 లీటర్లవరకు నీరు ఖర్చగును. ఆ లెక్కను రెండువందల పుటల చిన్నపుస్తకము వెనుక తక్కువలో తక్కువ వంద లీటర్లు, ఎక్కువలో ఆరువందలకు పైగా నుండును. చాలభాగము ఎక్కడనో పడిన వాననీరే యనుట నిజము. అయినను, వేసవిలో కుళాయినీటికై బిందెలు వరుసలో పెట్టి నిద్రమానుకొను వీథిలో నివసించువానికి ఆ యంకె చదివినతరువాత బీరువా వంక చూచుట యొకింత కష్టముగానే యుండును.

ఇంకొక విశేషము. కాగితము మొదట చెట్టును నఱికి చేసినది కాదు. క్రీస్తుశకము 105వ సంవత్సర ప్రాంతమున చీనాదేశపు రాజోద్యోగి ఛాయ్ లున్ చెట్టుబెరడును, చింకిగుడ్డలను, పాతవలలను నానవేసి దంచి కాగితము చేయించెనని చెప్పుదురు. తరువాత పలు శతాబ్దములు పాతగుడ్డలును పాతత్రాళ్లును కాగితమునకు ముఖ్యమైన ముడిసరకులు. కట్టి చినిగిన ధోవతి తుదకు పుస్తకమగుచుండెనన్నమాట. మా మెట్టరైతు వినిన తప్పక మెచ్చుకొనును. 1844లో జర్మనీదేశమున కెల్లర్ అనువాడు కఱ్ఱను నూఱి గుజ్జుచేయు యంత్రమును కనుగొనెను. కాగితము చౌకయైనది, పుస్తకము పేదవానికందినది, ఈ యుపకారమును మేము తక్కువ చేయము. కాని యా కఱ్ఱగుజ్జు కాగితమునకు పటికతో కలిపిన చెట్టుబంక పట్టించుటచేత అందు ఆమ్లము పుట్టి, కాగితమును లోలోపల తినివేయును. 1940ల నాటి తెలుగుపత్రికను తెరచిచూడుడు: పుట తిరుగవేయబోయిన మూల విఱిగి చేతికి వచ్చును. అంతకు వందయేండ్ల ముందరి చేతికాగితపు చిట్టా మాత్రము నేటికిని మెత్తగ మడతపడును. మన దేశములో మిల్లులు చాలకాలము అడవి వెదురుపై బ్రదికినవి. రాజమహేంద్రవరము, సిర్పూరు మిల్లులకు ఆ వెదురే ప్రాణము. ఇప్పుడు రైతులు పెంచిన సుబాబులు, జామాయిలు వాడుచున్నారు. ఇక రెండవ బొంబాయి యని పేరుబడిన మా ఆదోని దూది, కాగితమెన్నడును కాదా యందురేమో. అగును, మన రూపాయినోట్ల కాగితము నూటికి నూరుపాళ్లు పత్తియే. నలిగి నలిగి నూఱు చేతులు మారవలసినది డబ్బు గనుక దానికి పత్తి. బడిపిల్లవాని పుస్తకమునకు కఱ్ఱగుజ్జు. ఏది నూఱుచేతులు మారవలెనని సంఘము కోరుచున్నదో యీ యేర్పాటే చెప్పుచున్నది.

కాగితపు తారతమ్యమును మేము కన్నులార చూచినది 2009లో. ఆ యేడు అక్టోబరు 2వ తేదీన తుంగభద్రయు హంద్రియు ఏకమై కర్నూలు నగరమును ముంచెను. మంత్రాలయమును నీట మునిగెను. నీరు తీసినపిదప నగరములో నొక మిత్రుని యింటికి సాయముపోతిమి. ఆయన బీరువా దినములకొలది నీటనుండెను. నిగనిగలాడు నునుపుకాగితముమీద అచ్చువేసిన ఖరీదుపుస్తకములన్నియు ఎండునప్పటికి ఇటుకలైనవి; కత్తి పెట్టినను పుట విడలేదు. సాధారణపు ముతకకాగితపు నవలలు నీడలో ఆరవేయగా వంకరలుపోయి బ్రదికినవి. వారి తాతగారి చేతికాగితపు లెక్కలపుస్తకము ఉతికి యారవేసిన తువ్వాలవలె లేచినది. మసితో కాచిన సిరా యొక యక్షరమైనను చెదరలేదు. మూడుదినములు ఆ మేడమీద పుటలు త్రిప్పుచు కూర్చుంటిమి. పక్కింటివారు బియ్యమును, మేము పుస్తకములను ఎండబెట్టుచుంటిమి. ఎవరును నవ్వలేదు.

పాతకాలమును పొగడుట మొదలిడినవారు తాటియాకుల కాలమునకు పోయిగాని యాగరు. మేమును పోయెదము గాని అచ్చట నిలువము. ఆకును ఉడికించి, ఆరబెట్టి, ఘంటముతో గీసి, మసిపూసి తుడిచిన ప్రతి కొన్ని తరములు నిలుచును. పిమ్మట కావలసినవాడు మరల వ్రాసికొనును. అక్కఱలేనిది పురుగుల పాలగును. చెట్టు చావదు, ఆకు మరల వచ్చును. వస యెండుకొమ్మును వేపాకును నడుమ నుంచి గుడ్డలో చుట్టి యటకపై దాచుదురు. నన్ను నూనెనుండి, నీటినుండి, వదులైన కట్టునుండి కాపాడుము, మూర్ఖునిచేత పెట్టకుము అని పుస్తకమే మొఱపెట్టుకొన్నట్లు లేఖకులు తుదిపుటలో వ్రాయుట వాడుక. మొదటి మూడు కోరికలును మాకు మిక్కిలి ప్రియములు. నాలుగవదియే మా సంఘమును చెఱచినది. ఎవడు మూర్ఖుడు? ఆడుది, అన్యజాతివాడు, కూలివాడు అని లెక్కగట్టి, ముట్టరాని మడిపుస్తకములను ముడిగట్టి, తుదకు పండితుని బిడ్డకే లిపి తెలియనికాలము వచ్చువరకు కాపాడితిరి. పురుగు మాత్రము కులమడుగలేదు. కడపలో బ్రౌనుదొర జీతములిచ్చి పండితులను కూర్చి ప్రతులు వెదకించి శుద్ధప్రతులు వ్రాయింపకున్నచో ఎన్ని కావ్యములు చెదలకు భారతము చెప్పియుండెడివో.

కాబట్టి పుస్తకమును కాపాడుట యనగా దాచుట కాదు. దీనిని మన యాంధ్రదేశమున మొదట ఉద్యమముగా తెలిసికొన్నవారు గ్రంథాలయసేవకులు. 1914 ఏప్రిల్‌లో బెజవాడలో వారి మొదటి మహాసభ జరిగెను. అయ్యంకి వెంకటరమణయ్యగారు ఆ పనికి జీవితమంతయు ధారపోసిరి. మా కర్నూలున 1883లో పుట్టిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు చిరకాలము ఆ సంఘమునకు అధ్యక్షులై నడపిరి. కృష్ణాకాలువపై పెదవడ్లపూడి కొల్లిపరల నడుమ 1935లో పుస్తకముల పడవయే నడచినది! వారు ఆలోచించినది జ్ఞానవ్యాప్తిని. చెట్టును, నీటిని వారు లెక్కింపలేదు. అయినను ఒక ప్రతిని నూర్గురు చదివినచో తొంబదితొమ్మిది ప్రతుల కాగితము మిగిలినట్లే గదా. మెట్టరైతు పత్తికి చేసినదానిని వారు పుస్తకమునకు చేసిరి. ఆ యుద్యమఫలముగా 1948లో మదరాసు చట్టమును, 1960లో ఆంధ్రప్రదేశ్ చట్టమును వచ్చినవి. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సుంకము మనమిచ్చుచున్నాము. ఇచ్చుచున్న సంగతి యెందరికి తెలియును? తెలిసినవారు తమ యూరి శాఖాగ్రంథాలయములో అడుగుపెట్టి యెన్నియేండ్లాయెను?

చేతిలోని ఫోనులో చదివినచో కాగితమే యక్కఱలేదుగదా యని యువకులు మమ్మడుగుదురు. విఱిగిపోవుచున్న పాతపుస్తకముల ఛాయలు తీసి అందఱికిని అందించుట గొప్ప మేలు. మేమును ఆ మేలు పొందుచున్నాము. కాని ఆ పరికరమును గనులలోనుండి త్రవ్వినదే; మూడునాలుగేండ్లకు దానిని మార్చువాడు చెట్టును కాపాడితినని చెప్పుకొనుట చెల్లదు. ఉన్నదానిని కడవఱకు వాడిన రెండును మంచివే. ఇంతకంటె ఈ వాదమును పెంచుట మాకిష్టము లేదు.

రెండేండ్ల క్రిందట మా యూరిలో నొక వృద్ధపండితుడు కాలము చేసెను. మాకు అలంకారశాస్త్రమున సందేహములు తీర్చినవారాయన. కుమారులు దూరపు నగరములలో కాపురములుండి, ఇల్లు అమ్మవలసివచ్చి, పుస్తకములను పాతకాగితముల కొట్టునకు తూకమునకిచ్చిరి. వారిని నిందింపము; మూడుగదుల యింటిలో నాలుగు బీరువాలెచ్చట పెట్టుకొందురు? మేము విని కొట్టునకు పోవునప్పటికి సగము బస్తాలు లారీకెక్కినవి. తక్కినవానిలో చేతికందినవి తూకపుధరకే కొని తెచ్చితిమి. రసగంగాధరమును తక్కెడలో నుల్లిగడ్డలవలె చూచినవానికి ఆ రాత్రి నిద్ర యెట్లుపట్టును? తెచ్చిన మూటలను నడవలో దింపగా మా గృహిణి చీపురు పట్టుకొని నిలిచి యిట్లనెను: “ఏమండీ, ఇరవయ్యేళ్లుగా వీటి దుమ్ము నేను దులుపుతున్నాను, వీటి కథలు మీరు చెప్పుకుంటున్నారు. ఆ పంతులుగారివి మీరు తూకానికి తెచ్చుకున్నారు. మీవి ఎవరు తూకం వేయించుకుంటారో అది కూడా ఇప్పుడే చెప్పండి.”

దీనికి జవాబు ఏ శాస్త్రములోను లేదు. ఇంటిలో పదునైదుదినములు చర్చ నడచెను. కళాశాలలో చదువు మా కుమార్తె తల్లిపక్షము. తుదకు నూఱు పుస్తకములు మాయొద్ద నుంచుకొనుటకును, తక్కినవానిని జనులు చదువుచోట పెట్టుటకును నిశ్చయమైనది. ఆ నూటిని ఏరుటకు మాకు నెలపట్టినది. అది వేఱు కథ.

చోటు ఎమ్మిగనూరిలో దొరకినది. ఆ యూరు మగ్గమునకు పేరుపడినది. 1938లో మాచాని సోమప్పగారు అచ్చట చేనేతకారుల సహకారసంఘమును స్థాపించి దానిని దేశమంతట తెలిసినదానినిగా చేసిరి. ఇప్పుడు మగ్గములు తగ్గినవి. మా గృహిణికి మేనమామ వరుసయైన వృద్ధుడొకడు తన రెండుమగ్గములలో నొకదానిని విప్పివేసియుండెను. సంగతి వినగానే, “అల్లుడా, మగ్గం తీసేసినాక ముందుగది బోసిగా ఉంది. నీ పుస్తకాలు తెచ్చి పెట్టప్పా. అవి కూడా నూలుతో కుట్టినవే కదా” అనెను. పుస్తకములు నూలుతో కుట్టినవని మాకు తెలియనిది కాదు. నేతగాని నోట విన్నప్పుడు వేఱుగా వినబడెను.

కుట్లూడినవానిని అచ్చటనే బాగుచేసితిమి. మైదాగంజిలో మైలతుత్తము చిటికెడు వేసి కాచిన బంక. అది వేసిన పురుగు రాదు. పడుగు ముగియుచోట మిగిలిన తుండుగుడ్డలు వెన్నుపట్టీలకు. తెగిన పడుగునూలు కుట్టుటకు. ముసలాయన వ్రేళ్లు మావానికంటె పదిరెట్లు నేర్పుగలవి. మేము ఒక పుస్తకము కుట్టులోపల ఆయన నాలుగు కుట్టి, మాదానిని విప్పి మరల కుట్టెడివాడు. ఇప్పుడు మా నిఘంటువునకు నీలిగళ్ల తువ్వాలవెన్ను, షేక్స్పియరునకు ఎఱ్ఱయంచు దుప్పటివెన్ను. బీరువాలోనుండి చూచిన అంగడి వాకిటివలె నుండును. బడిలోను పిల్లలచేత నేటేట పాతనోటుపుస్తకములలోని తెల్లపుటలు విప్పించి ఇట్లే కుట్టించుచున్నాము; ఒక తరగతికి లెక్కలు వేసికొనుటకు చాలునన్ని వచ్చును.

ఆ ముందుగదిలో సాయంకాలము ఇరుగుపొరుగు స్త్రీలు కండెలు చుట్టుచు కూర్చుందురు. ఎనిమిదవతరగతి బాలిక యొకతె మధ్య కూర్చుండి బిగ్గరగా చదువును. ఒక ప్రతి, పదునలుగురు వినువారు, రాట్నముల చప్పుడు. పేట పెద్దయొకడు వచ్చి, అన్ని కులములవారు, అందులో ఆడువారు, నూనెచేతులతో ముట్టినయెడల పుస్తకమేమి నిలుచునని యడిగెను. చూడుమని నాలుగు పుస్తకములు ఆయన ముందు పెట్టితిమి: బీరువాలో భద్రముగ నుండి చెదలు తొలిచినవి రెండు, నూనెవ్రేళ్ల మచ్చలతో చెక్కుచెదరక యున్నవి రెండు. ఆయన మచ్చలున్న రామాయణమునే ఇంటికి తీసికొనిపోయెను.

పోయిన దీపావళికి మఱియొక చిక్కు వచ్చినది. ఎమ్మిగనూరి యంచున పేటలోని యొక కుటుంబము మిరపకోతకు గుంటూరువైపు పోవుచుండెను. వారి తొమ్మిదేండ్లపిల్ల పక్షుల బొమ్మలపుస్తకమును వెంట తీసికొనిపోదునని యడిగెను. వలసపోవువారికి పుస్తకమిచ్చుట తగదని కొందఱన్నారు. తిరిగివత్తురో రారో, వచ్చినను పుస్తకము వచ్చునో రాదో. అది ధరగల పుస్తకము. నేటి నంద్యాల జిల్లా రోళ్లపాడున ఏ పిట్టకై 1988లో అభయారణ్యము పెట్టిరో ఆ బట్టమేకపిట్ట బొమ్మ నిండుపుటలో నున్నది. మా విద్యార్థులలో ఆ పిట్టను బొమ్మలోగాక చూచినవాడొకడును లేడు. ఎవరికి చెప్పవలసినమాట వారు చెప్పిన తరువాత, “బడికి పోలేనిదానికి బడే వెంట పోనీయండి” అని ముసలాయన చీటీపుస్తకములో పేరు వ్రాసికొనెను.

ఉగాది వెళ్లిన రెండువారములకు ఆ పిల్ల తిరిగివచ్చినది. పుస్తకమును వచ్చినది, వెనుకయట్ట యూడినది. పుటలనిండ చిన్న చిన్న పెన్సిలుగీతలు. ఏమని యడుగగా, తాను మిరపచేలలోను కాలువగట్లమీదను చూచిన పిట్టకెల్ల బొమ్మపక్కన గీత పెట్టినదట. తెల్లకొంగకు గీత, లకుముకిపిట్టకు గీత, పాలపిట్టకు రెండుగీతలు. బట్టమేకపిట్ట పుట ఖాళీ. చాతకము పుటయు ఖాళీయే. అది జూన్ నెలకుగాని రాదని చెప్పితిమి. “అప్పటికి పుస్తకం మళ్లీ ఇస్తారా సార్” అని యడిగినది. గీతలను చెఱిపివేయుదమని ఎవరో రబ్బరు తెచ్చిరి. ముసలాయన దానిని తీసి జేబులో వేసికొనెను. వెనుకయట్టకు పచ్చగళ్ల గుడ్డవేసి కుట్టినాము. మిరపఘాటు మాత్రము ఇంకను పోలేదు. నడిమిపుటలు విప్పినవారందఱును తుమ్ముచున్నారు.